లినక్స్‌లో వైఫై పనిచేయనప్పుడు: అది ఎంతవరకు వచ్చి ఆగిందో కనిపెట్టడం

మీరు వివరించిన ఇబ్బందిని ముందు ఒకసారి నా మాటల్లో చెప్తాను, నేను పొరపాటుగా అర్థం చేసుకుంటే అక్కడే తెలిసిపోతుంది. ల్యాప్‌టాప్‌లో డెబియన్ అనే లినక్స్ రకం 11వ వెర్షన్ వేసుకుని, తర్వాత దాన్ని డెబియన్ 12కు అప్‌గ్రేడ్ చేశారు. మొదట్లో వైఫై కార్డు ఉన్న జాడే లేదు. ఎక్కడో చదివి ఫర్మ్‌వేర్ ఫైళ్లను, అంటే కార్డు లోపల నడిచే ప్రోగ్రామును, కాపీ చేశాక చుట్టుపక్కల నెట్‌వర్కులు కనిపించాయి గానీ, సరైన పాస్‌వర్డు ఇచ్చినా మళ్లీ మళ్లీ అదే అడిగింది. అప్పుడు మరో సలహా చూసి నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసుల ఫైలులోనూ, డబ్ల్యూపీఏ సప్లికెంట్ (రౌటర్‌తో పాస్‌వర్డు సరిచూసుకునే ప్రోగ్రాము) ఫైలులోనూ కొన్ని వరుసలు చేర్చి, ఆ ప్రోగ్రామును బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపారు. దానితో ప్యానెల్‌లో వైఫై మెనూయే మాయమైంది. ఒక్కోసారి ఐపీ చిరునామా దొరుకుతోంది, కానీ వెబ్ పేజీలు తెరుచుకోవడం లేదు. అదే రౌటర్‌తో ఫోను మాత్రం చక్కగా పనిచేస్తోంది.

ఇది ఒక లోపం కాదు, ఒకదాని వెనుక ఒకటి వచ్చిన మూడు వేర్వేరు లోపాలు. చివరిది, ఏమీ అనుకోకండి, మీరు చేసిన మార్పుల వల్ల వచ్చినదే. "వైఫై పనిచేయడం లేదు" అనే మాట వీటన్నిటికీ ఒకేలా సరిపోతుంది కాబట్టి మీకు దొరికిన పది సలహాలూ పది వేర్వేరు జబ్బులకు మందులయ్యాయి. కార్డును కెర్నల్, అంటే లినక్స్ మూల ప్రోగ్రాము, గుర్తించడం, దాన్ని నడిపే డ్రైవర్ దొరకడం, ఆ డ్రైవర్ కార్డులోకి ఫర్మ్‌వేర్ ఎక్కించడం, రేడియో ఆన్ కావడం, చుట్టూ ఉన్న నెట్‌వర్కులను వెతకడం, రౌటర్‌తో తాళం సరిచూసుకోవడం, చిరునామా తెచ్చుకోవడం, బయటికి దారి తెలుసుకోవడం, చివరగా పేర్లను అంకెల చిరునామాలుగా మార్చుకోవడం — ఇవన్నీ ఈ వరుసలోనే జరగాలి, ముందున్నది తప్పితే తర్వాతది జరగదు. కాబట్టి మనం వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఎంతవరకు వచ్చి ఆగింది?

కింద కమాండ్ల పేర్లను పలికే తీరులోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. డెబియన్‌లో మామూలు యూజర్‌గా ఐడబ్ల్యూ (వైఫై కార్డును పరిశీలించే కమాండ్) అని కొడితే "కమాండ్ దొరకలేదు" అనే జవాబు రావచ్చు. అలా వస్తే అది ఇన్‌స్టాల్ కాలేదని వెంటనే అనుకోవద్దు. అలాంటి ప్రోగ్రాములు ఎస్‌బిన్ డైరెక్టరీలో ఉంటాయి, మామూలు యూజర్ వెతికే దారిలో ఆ డైరెక్టరీ ఉండదు. సుడో ముందు పెట్టండి, లేదా ఎస్‌యూ తర్వాత ఒక మైనస్ గుర్తు పెట్టి పూర్తి అధికారాలున్న రూట్ యూజర్‌గా మారండి. ఆ మైనస్ లేకుండా మారితే డెబియన్ 10 నుంచి పాత దారే మిగిలిపోతుంది. కెర్నల్ లాగ్‌ను చూపే డీమెసేజ్ (dmesg) కమాండ్‌కు కూడా డెబియన్‌లో రూట్ అనుమతి కావాలి.

ఇక మొదటి మెట్టు. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ను మైనస్ ఎన్ఎన్‌కే అనే ఆప్షన్‌తో నడిపి, నెట్‌వర్క్ కంట్రోలర్ అని ఉన్న చోట చూడండి. చదరపు బ్రాకెట్లలో కోలన్‌తో విడదీసిన రెండు సంఖ్యలు ఉంటాయి. కంపెనీ పెట్టెమీద వేసిన మోడల్ పేరు కంటే ఆ సంఖ్యలనే నమ్మాలి, ఎందుకంటే ఒకే మోడల్ పేరుతో లోపల వేర్వేరు చిప్పులు అమ్మడం మామూలే. మొదటి సంఖ్య తయారీదారును చెప్తుంది: 8086 అయితే ఇంటెల్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 168సీ అయితే క్వాల్‌కామ్ ఏథరోస్, 14సీ3 అయితే మీడియాటెక్. దాని కిందే "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే వరుస ఉందో లేదో చూడండి. ఆ వరుసే లేకపోతే ఫర్మ్‌వేర్ గురించి గానీ పాస్‌వర్డు గురించి గానీ ఆలోచించడం అనవసరం, ఎందుకంటే కార్డును ఇంకా ఎవరూ చేపట్టలేదు. యూఎస్‌బీ అడాప్టర్ అయితే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ వాడాలి. కొన్ని యూఎస్‌బీ అడాప్టర్లు గుచ్చగానే, విండోస్ డ్రైవర్ ఉన్న ఒక నకిలీ సీడీ డ్రైవ్‌గా తమను తాము పరిచయం చేసుకుంటాయి. వాటిని అసలు రూపంలోకి మార్చడానికి యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ కావాలి.

మీ మొదటి లోపం ఫర్మ్‌వేర్‌ది. వైఫై కార్డు లోపల ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది, దాన్ని నడిపే ప్రోగ్రామును చాలా కార్డులు తమలో దాచుకోవు, కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ డ్రైవరే దాన్ని ఎక్కించాలి. ఆ ఫైళ్ల సోర్సు కోడ్ బయటికి ఇవ్వరు కాబట్టి డెబియన్ చాలాకాలం వాటిని తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చలేదు. 2022లో జరిగిన ఓటింగు తర్వాత ఈ విధానం మారి, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగం ఏర్పడింది, ఇన్‌స్టాలర్‌లోనే ఆ ఫైళ్లు వస్తున్నాయి. మీరు 11తో మొదలుపెట్టారు గనుక ఆ సౌకర్యం మీకు అందలేదు. పైగా 12కు మారేటప్పుడు సోర్సెస్ లిస్ట్ ఫైలులో ఆ కొత్త విభాగం పేరు చేర్చి ఉండకపోతే ఫర్మ్‌వేర్ ప్యాకేజీలు మీకు ఇప్పటికీ రావడం లేదు. చేతితో కాపీ చేసిన ఫైళ్లను నేను సమర్థించను. ఏ వెర్షన్ ఎక్కడినుంచి వచ్చిందో ఆరు నెలల తర్వాత మీకే గుర్తుండదు. ఆ విభాగాన్ని చేర్చి, ప్యాకేజీల జాబితాను అప్‌డేట్ చేసి, మీ చిప్పుకు తగిన ప్యాకేజీని, అంటే ఇంటెల్ అయితే ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై, రియల్‌టెక్ అయితే ఫర్మ్‌వేర్-రియల్‌టెక్, పద్ధతిగా వేసుకోండి.

వైఫై లేకుండా ప్యాకేజీ ఎలా తెచ్చుకోవాలన్నది న్యాయమైన ప్రశ్నే. ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే, లినక్స్‌కు అది ఒక వైరు నెట్‌వర్క్‌లా కనిపిస్తుంది, సాధారణంగా వేరే డ్రైవర్ అక్కరలేదు. పని అయ్యాక మాత్రం ఆ కేబుల్ తీసేసి పరీక్షించండి. డెస్క్‌టాప్‌లో కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ వైరు దారికి మెట్రిక్, అంటే ప్రాధాన్య సంఖ్య, 100 నుంచి, వైఫై దారికి 600 నుంచి ఇస్తుంది, తక్కువ సంఖ్య ఉన్న దారే గెలుస్తుంది. కేబుల్ ఉండగా ఇంటర్నెట్ వస్తే అది వైఫై గొప్పతనం కాదు.

ఫర్మ్‌వేర్ ఎక్కిందో లేదో డీమెసేజ్ చెప్తుంది, కానీ దాన్ని చదవడంలో ఒక చిక్కుంది. ఇంటెల్ డ్రైవర్ తనకు తెలిసిన అన్నిటికంటే కొత్త ఫైలుతో మొదలుపెట్టి, అది లేకపోతే దాని కిందిది, అదీ లేకపోతే ఇంకా కిందిది అడుగుతూ దిగుతుంది. ప్రతి మెట్టుకూ ఒక "ఫెయిల్డ్ టు లోడ్" వరుస, చివర మైనస్ 2 అనే సంఖ్య నమోదవుతాయి. ఆ మైనస్ 2కు అర్థం "ఆ పేరుతో ఫైలు లేదు" అని మాత్రమే. అలాంటి పది వరుసల తర్వాత "లోడెడ్ ఫర్మ్‌వేర్ వెర్షన్" అనే వరుస ఒక్కటి ఉంటే అంతా బాగున్నట్టే. యోయో అనే మాట ఉన్న ఒక డీబగ్ ఫైలు దొరకలేదనే ఫిర్యాదు కూడా హానిలేనిదే, దానికోసం గంటలు వెతికినవారు ఎందరో. విండోస్ కూడా ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఇంకో మాట: విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తిగా జరగదు, కార్డు సగం నిద్రలో మిగిలిపోతుంది, ఆ తర్వాత లినక్స్ దాన్ని లేపలేకపోవచ్చు. ఆ సెట్టింగును ఆపేసి, ఒకసారి పూర్తిగా ఆర్పి వెలిగించండి.

రేడియో సంగతి తొందరగా తేలుతుంది. ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొడితే సాఫ్ట్, హార్డ్ అని రెండు అడ్డంకులు చూపుతుంది. సాఫ్ట్ అయితే అదే కమాండ్‌తో అన్‌బ్లాక్ చేయవచ్చు. హార్డ్ అయితే ఏ కమాండూ పనిచేయదు, ల్యాప్‌టాప్ మీద స్విచ్చో, ఫంక్షన్ కీయో, బయోస్ సెట్టింగో మార్చాలి.

ఇంటర్‌ఫేస్ పేరు విషయంలో పాత సలహాలు మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తాయి. డబ్ల్యూలాన్0 అనే పేరు ఇప్పుడు చాలా సిస్టముల్లో ఉండదు. 2013 తర్వాత, సిస్టమ్‌డీ పద్ధతిలో కార్డు ఏ పీసీఐ బస్‌లో ఏ స్లాట్‌లో ఉందో దాన్నిబట్టి డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 లాంటి పేర్లు వస్తున్నాయి. యూఎస్‌బీ అడాప్టర్ అయితే డబ్ల్యూఎల్ఎక్స్ తర్వాత దాని మ్యాక్ చిరునామా, అంటే తయారీలోనే ఇచ్చిన గుర్తింపు సంఖ్య, మొత్తం పేరులో చేరుతుంది. మీ పేరేమిటో ఐపీ లింక్ కమాండ్‌తో చూసుకుని, సలహాల్లోని పేరు బదులు దాన్నే వాడండి. అలాగే ఐడబ్ల్యూకాన్ఫిగ్ వాడమని చెప్పే ఏ సలహానైనా పక్కన పెట్టేయండి. అది పాతకాలపు వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్‌కు చెందిన పనిముట్టు, డబ్ల్యూపీఏ పాస్‌వర్డును అది అమర్చనే లేదు. దాని స్థానంలో వచ్చినదే ఐడబ్ల్యూ.

నెట్‌వర్కుల జాబితా మీకు కనిపించింది కాబట్టి వెతుకులాట దశ దాటారు. అయినా ఒక హెచ్చరిక చేస్తాను. ఇరుగుపొరుగు నెట్‌వర్కులన్నీ కనిపించి మన రౌటర్ ఒక్కటే కనిపించకపోతే ఛానెల్ చూడాలి. దేశాన్నిబట్టి వాడదగిన ఛానెళ్లు మారతాయి, 2.4 గిగాహెర్ట్జ్‌లో 12, 13 ఛానెళ్లను కొన్ని దేశాల నియమాలు అనుమతించవు, కొన్ని అనుమతిస్తాయి. ఒకసారి నేను ఒక సాయంత్రమంతా డ్రైవర్లు మార్చి మార్చి చూసి, చివరికి రౌటర్ తనంతట తానే 13వ ఛానెల్‌కు మారిందని కనుక్కున్నాను. ఐడబ్ల్యూ రెగ్ గెట్ అంటే మీ కార్డు ఏ దేశపు నియమాలు పాటిస్తోందో తెలుస్తుంది. 00 అని వస్తే ఏ దేశమో తెలియనప్పుడు పాటించే జాగ్రత్త నియమాలన్నమాట.

ఇక రెండో లోపం, పాస్‌వర్డు. సరైనదే ఇచ్చినా మళ్లీ ఎందుకు అడుగుతుందో అర్థం కావాలంటే లోపల జరిగేది కొంత తెలియాలి. డబ్ల్యూపీఏ2 అనే వైఫై రక్షణ పద్ధతిలో పాస్‌వర్డు గాలిలో ఎన్నడూ ప్రయాణించదు. 8 నుంచి 63 అక్షరాల ఆ పాస్‌వర్డును నెట్‌వర్క్ పేరుతో కలిపి 4096 సార్లు మథించి, 256 బిట్ల తాళంగా రెండువైపులా విడివిడిగా తయారుచేసుకుంటారు. ఆపై నాలుగు సందేశాల మార్పిడి జరుగుతుంది. రౌటర్ మొదటి సందేశం పంపుతుంది. ల్యాప్‌టాప్ తన దగ్గర తాళం ఉందని రుజువు చేస్తూ రెండోది పంపుతుంది. ఆ రుజువు తప్పయితే రౌటర్ "తప్పు" అని చెప్పదు, ఊరుకుంటుంది. మూడో సందేశం కోసం ల్యాప్‌టాప్ ఎదురుచూస్తూనే ఉంటుంది, గడువు దాటాక బంధం తెగిపోతుంది. సిగ్నల్ పోయి రెండో సందేశం చేరకపోయినా, డ్రైవర్ తడబడినా ల్యాప్‌టాప్‌కు కనిపించేది అదే మౌనం. అందుకే డబ్ల్యూపీఏ సప్లికెంట్ లాగ్‌లో కూడా తాళం "తప్పు కావచ్చు" అనే ఉంటుంది, తప్పు అని ఉండదు. కెర్నల్ లాగ్‌లో రీజన్ 15 అని కనిపిస్తే అది ఈ నాలుగు సందేశాల గడువు తీరిపోవడమే. పాస్‌వర్డు అడిగే ఆ చిన్న కిటికీ మీ మీద వేసిన నింద కాదు, సిస్టమ్ చేస్తున్న ఊహ.

కాబట్టి ముందు లోపం ఎవరివైపు ఉందో విడదీయాలి. ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, 2.4 గిగాహెర్ట్జ్, డబ్ల్యూపీఏ2 ఎంచుకుని, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ మాత్రమే ఉన్న పాస్‌వర్డు ఇచ్చి ల్యాప్‌టాప్‌ను దానికి కలపండి. అది కలిస్తే కార్డూ డ్రైవరూ బాగున్నట్టు, రౌటర్ సెట్టింగుల్లో వెతకాలి. అక్కడ నేను మొదట అనుమానించేది, డబ్ల్యూపీఏ2 తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3నే. దానిలో తాళం సరిచూసుకునే పద్ధతే వేరు, మేనేజ్‌మెంట్ ఫ్రేములకు, అంటే బంధం కలిపే, తెంచే సందేశాలకు, రక్షణ తప్పనిసరి. పాత కార్డులూ పాత డ్రైవర్లూ దానికి సిద్ధంగా ఉండవు. రెండూ కలిసిన మిక్స్‌డ్ మోడ్‌లో కూడా కొన్ని కార్డులు తడబడతాయి కాబట్టి, పరీక్ష కోసం రౌటర్‌ను తాత్కాలికంగా డబ్ల్యూపీఏ2కు మాత్రమే పరిమితం చేసి చూడండి.

హాట్‌స్పాట్‌కు కూడా కలవకపోతే, ముఖ్యంగా మీది యూఎస్‌బీ అడాప్టర్ అయితే, నెట్‌వర్క్ మేనేజర్ చేసే ఒక మంచి పనిని ఆపి చూడాలి. గోప్యత కోసం అది వెతుకులాట సమయంలో కార్డు మ్యాక్ చిరునామాను మారుస్తూ ఉంటుంది. కొన్ని డ్రైవర్లకు ఈ మార్పు సరిపడదు, నెట్‌వర్కులు కనిపిస్తాయి గానీ కలవవు, అచ్చం మీరు చెప్పినట్టే. నెట్‌వర్క్ మేనేజర్ కాన్ఫిగరేషన్‌లో డివైస్ విభాగం కింద వైఫై స్కాన్ ర్యాండ్ మ్యాక్ అడ్రస్ అనే అంశానికి "నో" పెట్టి ఆ సేవను రీస్టార్ట్ చేయండి.

చేతితో డబ్ల్యూపీఏ సప్లికెంట్ ఫైలు రాసేవారు చేసే తప్పు ఇంకొకటి ఉంది. పీఎస్‌కే అనే చోట కొటేషన్ గుర్తుల్లో రాస్తే అది పాస్‌వర్డు, గుర్తులు లేకుండా 64 హెక్స్ అంకెలు రాస్తే అది తయారైన తాళం. ఆ తాళంలో నెట్‌వర్క్ పేరు కలిసి ఉంది కాబట్టి రౌటర్ పేరు మార్చిన రోజున పాస్‌వర్డు అదే అయినా పాత 64 అంకెలు పనికిరావు. పేరు తెలుగులో పెట్టుకోవచ్చా అని ఎప్పుడైనా ముచ్చటపడితే, పెట్టుకోవచ్చు. కాకపోతే పేరుకు 32 బైట్లే హద్దు, యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింటుకు 3 బైట్లు పడతాయి, గుణింతాలూ వత్తులూ విడిగా లెక్కకు వస్తాయి గనుక పది దాటవు.

మూడో లోపమే అసలు చిక్కు. డెస్క్‌టాప్‌తో కూడిన డెబియన్‌లో సాధారణంగా వైఫైని నెట్‌వర్క్ మేనేజర్ చూసుకుంటుంది. మీరు ఇంటర్‌ఫేసుల ఫైలులో మీ కార్డు పేరు రాయగానే, డెబియన్‌లోని మామూలు అమరిక ప్రకారం, "దీన్ని ఇంకెవరో చూసుకుంటున్నారు" అనుకుని నెట్‌వర్క్ మేనేజర్ పక్కకు తప్పుకుంటుంది. మీ వైఫై మెనూ మాయమైంది అందుకే. ఎన్ఎంసీఎల్ఐ డివైస్ అని కొట్టి చూస్తే మీ కార్డు ఎదురుగా "అన్‌మేనేజ్డ్" అని ఉంటుందని నా గట్టి నమ్మకం. అంతటితో ఆగితే పోయేది. ఇంటర్‌ఫేసుల ఫైలు తన వంతుగా ఒక డబ్ల్యూపీఏ సప్లికెంట్‌ను లేపుతుంది, మీరు రెండో సలహా ప్రకారం బ్యాక్‌గ్రౌండ్‌లో ఇంకొకటి నడిపారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు: ఒకటి కలిపిన బంధాన్ని రెండోది తెంచి, మళ్లీ తానే కలుపుతుంది. కెర్నల్ లాగ్‌లో "లోకల్ చాయిస్" అనే మాటతో, రీజన్ 3తో బంధం తెంచుకున్న వరుసలు పదే పదే కనిపిస్తే అది బయటివారు తెంచింది కాదు, మీ కంప్యూటరే తెంచుకుంది. ఒక్కోసారి చిరునామా దొరకడం, మరుక్షణం పోవడం ఈ కొట్లాట ఫలితమే.

పరిష్కారం ఏదీ చేర్చడం కాదు, తీసేయడం. ఇంటర్‌ఫేసుల ఫైలులో లూప్‌బ్యాక్‌కు, అంటే ఎల్‌వోకు సంబంధించిన రెండు వరుసలనూ, సోర్స్ అనే వరుస ఉంటే దాన్నీ ఉంచి మిగతావన్నీ తొలగించండి. పీఎస్ కమాండ్‌తో నడుస్తున్న సప్లికెంట్లను చూడండి: మైనస్ ఐ తర్వాత మీ కార్డు పేరు, మైనస్ సీ తర్వాత ఫైలు పేరు ఉన్నవి చేతితో గానీ ఇంటర్‌ఫేసుల ఫైలు ద్వారా గానీ వచ్చినవి, వాటిని ఆపండి. మైనస్ యూ, మైనస్ ఎస్ ఉండి కార్డు పేరు లేనిది మాత్రం నెట్‌వర్క్ మేనేజర్‌కు పనిచేసి పెట్టేది; దాన్ని కూడా అదనపుదనుకుని మాస్క్ చేసేస్తే, అంటే అసలు మొదలవకుండా బిగించేస్తే, వైఫై పూర్తిగా పోతుంది. తర్వాత ఒకసారి రీబూట్ చేసి, మెనూ నుంచే కొత్తగా కలపండి. డెస్క్‌టాప్ లేని సర్వర్ అయితే ఇంటర్‌ఫేసుల ఫైలు పద్ధతే మేలు, అప్పుడు నెట్‌వర్క్ మేనేజర్‌నే తీసేయాలి. ఏది ఉంచినా ఒక్కటే ఉంచాలి.

ఇంత అయ్యాక కూడా పేజీలు తెరుచుకోకపోతే, ఐపీ అడ్రస్ కమాండ్‌లో మీ చిరునామా చూడండి. 169.254తో మొదలైతే, చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సేవ జవాబివ్వలేదు. మామూలు చిరునామా ఉంటే వరుసగా రౌటర్‌నూ, ఆపై ఇంటర్నెట్‌లో ఉన్న 9.9.9.9 అనే చిరునామానూ, చివరగా ఏదైనా ఒక సైటు పేరునూ పింగ్ చేయండి. మొదటి రెండూ పలికి మూడోది పలకకపోతే తప్పు చాలావరకు రిజాల్వ్ కాన్ఫ్ ఫైలుది, అంటే పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ సర్వర్ల జాబితాది. ఆ ఫైలును ఎవరూ మార్చకుండా సీహెచ్‌అట్రిబ్యూట్‌తో, అంటే సీహెచ్‌ఏటీటీఆర్ ప్లస్ ఐతో బిగించమని ఒక సలహా చాలాచోట్ల తిరుగుతోంది. మీరు అది పాటించి ఉంటే మైనస్ ఐతో విప్పేయండి, లేకపోతే కొత్త నెట్‌వర్క్ ఇచ్చిన డీఎన్ఎస్ చిరునామాలను ఎవరూ అందులో రాయలేరు. పింగ్ అన్నీ పలికి బ్రౌజర్ ఒక్కటే సర్టిఫికెట్ల గురించి సణిగితే, కంప్యూటర్ తేదీ చూడండి. పాత ల్యాప్‌టాపుల్లో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటుంది.

ఇదే ప్రశ్నతో, లినక్స్ కాకుండా ఫ్రీబీఎస్‌డీ అనే సిస్టమ్ వాడేవారు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక్క మాట. అక్కడ 8.0 వెర్షన్ నుంచి ఐడబ్ల్యూఎన్0 లాంటి అసలు కార్డును నేరుగా అమర్చరు, దానిమీద డబ్ల్యూలాన్0 అనే ఇంటర్‌ఫేస్‌ను సృష్టించి దాన్ని అమరుస్తారు. అంతకుముందు రాసిన సలహాలు ఆ కారణంగానే పనిచేయవు. ఓపెన్‌బీఎస్‌డీలో అయితే ఎఫ్‌డబ్ల్యూ అప్‌డేట్ ఫర్మ్‌వేర్ తెస్తుంది, మామూలు డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డుకు సప్లికెంట్ అవసరమే ఉండదు, ఆ పని కెర్నలే చేసుకుంటుంది.

ఈ వరుసలో వెళ్లి ఎక్కడైనా ఆగితే, మీరు ఆగిన మెట్టు ఏదో చెప్పి, ఎల్‌ఎస్‌పీసీఐ చూపిన కార్డు వివరాలు, ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్, ఎన్ఎంసీఎల్ఐ డివైస్ జవాబులు, జర్నల్‌సీటీఎల్‌లో ఈ బూట్‌కు సంబంధించిన నెట్‌వర్క్ మేనేజర్, డబ్ల్యూపీఏ సప్లికెంట్ వరుసలు పంపండి. ఫోటోలు తీయకుండా అక్షరాలుగానే అతికించండి, పాస్‌వర్డునూ, మ్యాక్ చిరునామాల చివరి సగాన్నీ ముందే చెరిపేయండి. డబ్ల్యూపీఏ పాస్‌ఫ్రేజ్ అనే పనిముట్టుతో తాళం తయారుచేసి ఉంటే మరింత జాగ్రత్త: 64 అంకెల వరుసకు పైన, కామెంట్ గుర్తు వెనకాల, అసలు పాస్‌వర్డును కూడా అది ఉన్నదున్నట్టు రాసి పెడుతుంది.